దఖలు, రవాణా, అన్యాక్రాంతము

ఆంగ్లభాషలో ‘కన్వేయన్సు’ అను పదము రెండు పనులు చేయుచున్నది. బండి, పడవ, పల్లకి, రైలు మొదలుగా మనిషినిగాని సరకునుగాని ఒకచోటినుండి మరొకచోటికి చేర్చునదెల్ల కన్వేయన్సే. ఇంటినిగాని పొలమునుగాని ఒకరి స్వామ్యమునుండి మరొకరి స్వామ్యమునకు మార్చు పత్రమును కన్వేయన్సే. మొదటిదానిలో వస్తువు కదలును, యజమాని మారనక్కరలేదు. రెండవదానిలో యజమాని మారును, వస్తువు అంగుళమైనను కదలదు. ఇట్లు ఎదురెదురుగానున్న రెండు వ్యవహారములకు ఒకే మాట ఎట్లు కుదిరినదని తెలుగు అనువాదకుడు ఆశ్చర్యపడును. మనము మొదటిదానికి రవాణా అందుము, రెండవదానికి దఖలు, బదలాయింపు, క్రయపత్రము అందుము. ఆ రెండింటిని కలుపు మాట మన నిఘంటువులో లేదని తలంతుము. అటువంటి మాట ఒకటి మనకున్నదనియు, గోదావరికి ఉత్తరముగా తాళిపేరు నది వెంట బస్తరులోని తర్రెం వరకు పోవు ప్రాంతపు చరిత్ర ఆ మాటను ప్రతి మలుపులోను గుర్తుచేయుచున్నదనియు చెప్పుటకే ఈ వ్యాసము.

ముందు ఆంగ్లపదము సంగతి. లాటిను భాషలో ‘వియా’ అనగా దారి. దానికి ‘కలిసి’ అను ఉపసర్గ చేరి, దారిలో తోడుగా పోవుట అను అర్థమిచ్చు క్రియ పుట్టినది. అది ఫ్రెంచి మీదుగా ఆంగ్లములోనికి రెండు రూపములతో వచ్చినది. ఒకటి ‘కన్వే’, రెండవది ‘కన్వాయ్’. సరకు చేర్చుట, హక్కు చేర్చుట, భావము చేర్చుట మొదటిదాని వంతు. సాయుధరక్షణతో సాగు వాహనశ్రేణి రెండవదాని వంతు. ఒకే తల్లి బిడ్డలైన ఈ రెండు పదములు తర్రెం దారిలో మరల కలిసికొన్నవి. ఆ సంగతి తరువాత చెప్పెదను. షేక్స్‌పియరు కాలములో ‘కన్వే’ అను క్రియకు దొంగిలించుట అను అర్థము కూడ ఉండెడిది. ‘రెండవ రిచర్డు’ నాటకములో పదవీచ్యుతుడైన రాజును కోటకు తరలింపుమని ఆజ్ఞ కాగా, ఆ రాజు ఈ క్రియమీదనే శ్లేష విసరి, తన చుట్టునున్నవారినందరిని దొంగలను చేయును. రాజ్యము చేతులు మారిన గడియలో తరలింపునకు, దొంగతనమునకు ఒకే మాట చాలినది. తెలుగు చేయువానికి అక్కడ కలము ఆగును.

ఆంగ్లేయుల న్యాయములో చిరకాలము భూమిని కాగితముతో బదలాయించుటకు వీలు లేకుండెను. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు ఆ నేలమీదికే పోవలెను. అక్కడి మట్టిపెళ్లనో, చెట్టు కొమ్మనో సాక్షుల యెదుట చేతిలో పెట్టవలెను. దీనిని ‘లివరీ ఆఫ్ సీజిన్’ అనిరి. భూమి మనిషి దగ్గరకు రాలేదు గనుక మనిషియే భూమి దగ్గరకు ప్రయాణము చేసెడివాడు. 1845లో వచ్చిన శాసనము దస్తావేజు ఒక్కటి చాలునన్న తరువాత ఆ ప్రయాణము అనవసరమైనది. అప్పటినుండి నేలను చూడకయే నేలను కొనవచ్చును. ఈ సౌకర్యము ఎవరికి సౌకర్యమైనదో ముందు చూతము.

మన వ్యవహారపదములలో దారికంటె చేతికి ప్రాధాన్యము హెచ్చు. దస్తావేజులో ‘దస్తు’ అనగా పారసీకమున చేయి. హస్తాంతరములో చేయి, కైవసములో చేయి, చేవ్రాలులో చేయి. ఆస్తి మారినదనుటకు మనవారు ‘చేతులు మారినది’ అనియే అందురు. రోమనులు కూడ భూమిని, పశువులను బదలాయించు విధికి చేతితో పట్టుట అనియే పేరు పెట్టిరి గనుక ఇది మన ప్రత్యేకత అని గర్వింపనక్కరలేదు. దఖలు అను మాట మాత్రము వింతైనది. అది అరబ్బీలో ప్రవేశము. దఖలు పరచుట అనగా భూమిని ఒకని వద్దకు పంపుట కాదు, ఒకనిని భూమిలోనికి ప్రవేశపెట్టుట. రవాణా సంగతి మరియు చిత్రము. పారసీకములో దానికి పోవునది, పంపబడినది అని అర్థము. కాని కుంఫిణీ నాటి రెవెన్యూ వ్యవహారములో ‘రవానా’ అనగా సరకు కాదు, బండి కాదు. సుంకము చెల్లినదని చౌకీలో చూపవలసిన చీటి. ఆంగ్లములో బండిపేరు పత్రమునకు వచ్చినది. మనలో పత్రముపేరుగా వాడిన మాట బండికి స్థిరపడినది. చీటి లేనిదే సరకు కదలని దేశములో ఈ రెండును ఒకదానిలోనొకటి కలిసిపోవుటలో వింత లేదు.

ఇంతకును మన ధర్మశాస్త్రకర్తలకు భూమి కదలికను గురించిన ఆలోచన లేకపోలేదు. కల్యాణి చాళుక్యుడు ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర ఆంధ్రదేశమున శతాబ్దుల తరబడి, బ్రిటిషు న్యాయస్థానములలో సైతము, ప్రమాణముగా నిలిచినది. స్థావరమునకు విక్రయము లేదను స్మృతివాక్యము ఒకటి ఆయనకు అడ్డు వచ్చినది. లోకములో విక్రయములు జరుగుచునే ఉన్నవి. కనుక బంగారమును నీటిని చేర్చి, విక్రయమును దానము రూపములో నడపవలెనని ఆయన సమన్వయించెను. ఆ సందర్భమున ఉదాహరించిన శ్లోకము తాత్పర్యమేమనగా, భూమి ఆరింటితో పోవును: గ్రామము, జ్ఞాతులు, ఇరుగుపొరుగు సామంతులు, దాయాదులు అను నలుగురి అనుమతి, పిదప హిరణ్యము, ఉదకము. అందలి క్రియ ‘గచ్ఛతి’. కదలని మేదినికి నడక చెప్పిన క్రియ అది! మన శాసనములలోని ధారాపూర్వకము, నేటి వాడుకలోని ‘ధారాదత్తము’ ఆ నీటి తడినుండి వచ్చినవే. గ్రామానుమతి ఎందుకనగా, వ్యవహారము నలుగురికి తెలియుటకు అనియు, పొరుగువారి అనుమతి ఎల్లల తగవు రాకుండుటకు అనియు విజ్ఞానేశ్వరుడు వివరించెను. ఆయన ఆ అనుమతులను హక్కునకు మూలముగా కాక వ్యవహార సౌకర్యముగా కుదించెనని కొందరి విమర్శ. అది నిజమే. అయినను, ఊరికి తెలియకుండ భూమి పోరాదన్న తలంపు అందులో నిలిచినది. ఈ మొదటి అనుమతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

తర్రెం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బీజాపూరు జిల్లాలోని చిన్న గ్రామము. దానికి ఇవతల తాళిపేరు ఒడ్డున బాసగూడ, ఆవల సిల్గేరు, జగరగుండ. మాట్లాడునది కోయ, గోండి, దోర్లీ. సంతలో తెలుగు చెల్లును. చుట్టుపక్కల టేకులగూడ వంటి ఊరిపేరు వినినచో తెలుగువానికి అర్థము చెప్పనక్కరలేదు. తాళిపేరు దక్షిణముగా పారి చర్ల ప్రాంతమున గోదావరిలో కలియును. అనగా తర్రెం పరిసరముల నీరు తెలుగుదేశమునకు వచ్చును. దానితో పాటు మనుష్యులు వచ్చిరి, కలప వచ్చినది. ఎదురుగా ఉప్పు, బట్ట, అప్పు పోయినవి.

ఈ నది కలియు చోటు ఎవరిది అను ప్రశ్నకు గత నూట అరువదియేండ్లలో వచ్చిన సమాధానములు ఒక పెద్ద దస్తావేజుల కట్ట. 1860 డిసెంబరులో నిజాము అఫ్జలుద్దౌలా, కుంఫిణీ తరువాత రాజ్యమునకు వచ్చిన బ్రిటిషు ప్రభుత్వముతో ఒక సంధి చేసికొనెను. గోదావరికి, వైనగంగకు ఎడమ ఒడ్డుననున్న తన తాలూకాలను, అనగా రేకపల్లి, భద్రాచలము, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచలను, సర్వాధికారములతో ఇచ్చివేసెను. ప్రతిగా రాయచూరు అంతర్వేది, ధారాశివ ప్రాంతము తిరిగి వచ్చినవి, సురపురము దక్కినది, యాబది లక్షల అప్పు రద్దయినది. ఇచ్చిపుచ్చుకొనుట ఇంత స్పష్టముగానున్న పత్రమును సంధి అనుటకంటె క్రయపత్రమనుటయే సరి. ఆ సంధిలోనే మరొక షరతు కలదు. ఎల్లగానున్నంతమేర గోదావరిలోను, దాని ఉపనదులలోను పడవల రాకపోకలు స్వేచ్ఛగా సాగవలెను, సుంకములు ఉండరాదు. రవానా చీటి అక్కరలేని రవాణా అన్నమాట.

ఆ షరతు వెనుక ఆర్థర్ కాటన్ పెంచిన ఆశ ఉన్నది. నాగపురము, బీరారు ప్రాంతముల ప్రత్తిని గోదావరి మీదుగా సముద్రమునకు చేర్చవలెనని ఆయన తలంపు. దారిలోని బండరాతి అడ్డంకులు మూడు. మొదటిది దుమ్ముగూడెము వద్ద. అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టిరి. ఎఫ్. టి. హేగ్ అను ఇంజనీరు ఏండ్ల తరబడి ఆ అడవిజ్వరములలో శ్రమించెను. ఇంతలో 1867లో రైలు నాగపురము చేరెను. ప్రత్తి బొంబాయి దారి పట్టెను. 1871లో ఎగువ గోదావరి పనులు నిలిపివేయబడినవి. పడవలు రాలేదు గాని, పడవల నిమిత్తము పుచ్చుకొన్న భూమి నిజామునకు తిరిగి పోలేదు. ఒకే పత్రములో కన్వేయన్సు రెండర్థములు ఇంత దగ్గరగా కూర్చుండిన ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు. రవాణా కొరకు దఖలు జరిగినది. రవాణా పోయినది, దఖలు మిగిలినది.

ఆ తరువాత ఆ నేల తన చోటనే ఉండి ఎన్నో ప్రయాణములు చేసినది. భద్రాచలము, రేకపల్లి 1874లో మధ్యపరగణాలనుండి చెన్నపట్టణపు గోదావరిజిల్లాకు వచ్చినవి. నూగూరు, ఆల్బాక, చర్ల 1909లో వచ్చినవి. సిరొంచ రాలేదు, అది నేడు మహారాష్ట్రములో ఉన్నది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు మారినవి. 2014లో పోలవరము జలాశయము నిమిత్తము ఖమ్మము జిల్లా మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినవి. భద్రాచలము పట్టణము, చర్ల, దుమ్ముగూడెము తెలంగాణములో నిలిచినవి. విజ్ఞానేశ్వరుడు చెప్పిన నలుగురిలో మొదటివానిని, అనగా గ్రామమును, ఈ మార్పులలో దేనికి ముందు అడిగిరి? చరిత్రపుటలలో ఆ సంతకము కనబడదు.

ఎగువన బస్తరులో భూమికంటె ముందు చెట్టు కదలినది. ఇక్కడ న్యాయశాస్త్రములోని ఒక చమత్కారము చెప్పక తప్పదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము మూడవ సెక్షను స్థిరాస్తి అనగా ఏది కాదో చెప్పుచు, నిలిచియున్న కలపను, పైరును, గడ్డిని మినహాయించినది. నూరు రూపాయలకు పైబడిన స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరు పత్రము కావలెను. కలపకు ఆ నిర్బంధము లేదు. అనగా వేళ్లతో నేలను పట్టుకొని నూరేండ్లుగా నిలిచియున్న టేకుచెట్టు చట్టము దృష్టిలో చరాస్తి! నరకబోవు చూపుతో చూచిన చెట్టు అప్పుడే బండి ఎక్కినట్లు లెక్క. చట్టము వ్రాసినవారికి ఇది వాణిజ్య సౌలభ్యము. అడవిలోనివారికి మాత్రము చెట్టు కదలుట ఎన్నడును చిన్న విషయము కాలేదు. 1859లోనే దక్షిణ బస్తరు జమీందారీలలో కోయలు హైదరాబాదునుండి వచ్చిన కలప గుత్తదారులను ఎదిరించిరి. ఒక చెట్టునకు ఒక తల అన్నది నాటి ప్రతిజ్ఞగా చరిత్రకారులు చెప్పుదురు. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటునకు గల కారణములలో అడవులను రిజర్వు చేయుట ఒకటి, వెట్టి ఒకటి. వెట్టి అనగా ముఖ్యముగా మోత, దారిపని. దొరగారి సామాను మోయు కావడియే ఆనాటి కన్వేయన్సు. మనవైపున గూడెము కొండలలో 1922లో అల్లూరి సీతారామరాజు వెంట కోయలు, బగతలు నడచుటకు ముందు అక్కడ రగిలిన కోపములో కూలి సరిగా ఇయ్యక చేయించిన రోడ్డుపని ఒక భాగము. ఏజెన్సీలో ‘దారి వేసిరి’ అను వాక్యమునకు కర్త ఎవరో, దారి వేసిన చేతులెవరివో విడదీసి చదువవలెను.

స్వాతంత్ర్యానంతరము బస్తరులో పట్టాభూములలోని చెట్లు పట్టాదారుల సొత్తే అన్నప్పుడు, లారీలు పోవు చోట్లనెల్ల టేకు వర్తకులు దిగిరి. చెట్టుకొరకు భూమిని కొనిరి. మూరెడు ధరకు బారెడు దుంగ పోయినది. గిరిజనులకు తమ చెట్లపైగల హక్కును కాపాడుటకు మధ్యప్రదేశ ప్రభుత్వము 1956లో ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసివచ్చినది. అయినను ‘మాలిక్ మక్బూజా’ అను పేరుతో ఆ వ్యవహారము పెరిగి 1990లలో సుప్రీంకోర్టు వరకు పోయినది. మాలిక్ మక్బూజా అనగా యజమాని స్వాధీనములోనిది అని అర్థము. పేరులో స్వాధీనము మిగిలినది, చెట్టు మిగలలేదు.

భూమికి సంబంధించిన నిషేధములు మనవైపు ముందుగా వచ్చినవి. 1917లో చెన్నపట్టణ శాసనసభ చేసిన చట్టము ఏజెన్సీలో కొండజాతివారి భూమి, ప్రభుత్వ ప్రతినిధి అనుమతి లేక, ఇతరులకు పోరాదన్నది. 1959లో ఆంధ్రప్రదేశము మొదటి నిబంధన చేసినది, 1963లో అది తెలంగాణమునకు విస్తరించినది. 1970 సవరణతో అది ‘1/70’ అను అంకెతో ఊరూర తెలిసినది. దాని బలము రెండు మాటలలో ఉన్నది. ఒకటి, ఏజెన్సీలో ఎవరు అమ్మినను, గిరిజనేతరుడు అమ్మినను, కొనువాడు గిరిజనుడో గిరిజన సహకారసంఘమో కావలెను. రెండు, గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదనియే మొదట తలంపవలెను. కాదని నిరూపించు భారము వానిదే. సుప్రీంకోర్టు 1988లో దీనిని సమర్థించినది. సరిహద్దుకు ఆవల 1959 నాటి మధ్యప్రదేశ భూమిశిస్తు స్మృతి నూట అరువదియైదవ సెక్షను ఇట్టి నిషేధమే చేసినది. 1980లో చేర్చిన మరొక సెక్షను, 1959 అక్టోబరు 2 తరువాత గిరిజనుల భూమి తన చేతికి ఎట్లు వచ్చినదో ప్రతివాడును చెప్పుకొనవలెనన్నది. ‘ఎట్లు వచ్చినది’ అను ప్రశ్న చిన్నదే. దానికి భయపడి బినామీ పేర్లు, ఉత్తుత్తి వివాహములు, పాత తేదీలు వేసిన తెల్లకాగితములు పుట్టినవి. ఏజెన్సీ కథలు వ్రాయువారికి ఇంతకంటె వస్తువు అక్కరలేదు.

ఇక తర్రెం దారి. బాసగూడనుండి తర్రెం, సిల్గేరుల మీదుగా జగరగుండకు పోవు రోడ్డు పూర్వము నడచినదే. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఊళ్లు పాడుపడి, దారి తెగినది. 2011లో సుప్రీంకోర్టు ఆ సాయుధ ఏర్పాటును రాజ్యాంగవిరుద్ధమన్నది. పిమ్మట దారిని తిరిగి తెరచుట క్యాంపు వెంట క్యాంపుగా జరిగినది. కన్వే అను పదము కన్వాయ్ అను తోబుట్టువును కలిసికొన్నదని నేనన్నది దీనినే. 2021 ఏప్రిల్ 3న తర్రెం వంటి క్యాంపులనుండి బయలుదేరిన బలగములపై టేకులగూడ, జోనగూడ వద్ద జరిగిన దాడిలో 22 మంది జవానులు చనిపోయిరి. మరుసటి నెలలో సిల్గేరులో కొత్త క్యాంపు వెలసినది. అది తమ నేలయని, గ్రామసభ అనుమతి లేదని చుట్టుపట్ల ఊళ్లవారు వేలుగా వచ్చి కూర్చుండిరి. మే 17న కాల్పులు జరిగి ముగ్గురు మరణించిరి. గుంపులో మావోయిస్టులున్నారని పోలీసులు చెప్పిరి. వారు మా ఊరివారే అని జనులు చెప్పిరి. బడి కావలెను, ఆసుపత్రి కావలెను, క్యాంపు వద్దు అన్నది వారి కోరిక. దారిని వద్దనువాడు వెనుకబాటును కోరుచున్నాడని పట్టణములో తేలికగా అందుము. ప్రసవవేదనలోనున్న స్త్రీని మంచముపై మోసికొనిపోయిన వానికి దారి విలువ మనము చెప్పనక్కరలేదు. దారిమీద ఏది వచ్చును, ఏది పోవును అన్నదే వాని ప్రశ్న.

చట్టములో ఆ ప్రశ్నకు చోటు లేకపోలేదు. 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ చట్టము భూసేకరణకు ముందు గ్రామసభనుగాని పంచాయతీనిగాని సంప్రదింపవలెనన్నది. భూమి అన్యాక్రాంతము కాకుండ అడ్డుకొను అధికారమును వాటికి ఇయ్యవలెనన్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము మరియొక అడుగు వేసినది. బడి, వైద్యశాల, రోడ్డు వంటివానికి అడవిభూమిని, ఒక్కొక్కదానికి హెక్టారునకు లోబడి, హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టకుండ మళ్లింపవచ్చును. కాని గ్రామసభ సిఫారసు కావలెను. మితాక్షరలోని మొదటి అనుమతి తొమ్మిది శతాబ్దుల తరువాత పార్లమెంటు గెజెట్టులో తిరిగి కనబడినది. ఇదే చట్టము ఇచ్చు హక్కు వారసులకు వచ్చును గాని అమ్ముటకు, బదలాయించుటకు వీలు లేదు. కన్వేయన్సు లేని పట్టా అది. భార్యాభర్తలిద్దరి పేర అది వ్రాయబడవలెను.

ఈ పత్రములను తెలుగు చేయు మనము ఏ మాట వాడుదుము? బదలాయింపు అను సర్కారీమాటలో బదులు ఉన్నది, అనగా ఇచ్చినదానికి ఏదో వచ్చినదని సూచన. ఉప్పుమూటకు, వడ్డీలెక్కకు పోయిన పొలమునకు ఆ మాట చాలా మర్యాద. దఖలు పుచ్చుకొన్నవాని వైపునుండి పలుకును. అన్యాక్రాంతము అను మాట ఒక్కటే నేల వైపునుండి పలుకుచున్నది. ‘క్రమ్’ అనగా అడుగువేయుట. ఆక్రాంతము అనగా అడుగులు పడినది. పరుని అడుగులు పడిన నేల అన్యాక్రాంతము. ఇందులో నడక ఉన్నది, దారి ఉన్నది, ఆస్తి ఉన్నది. ఆంగ్లపదములోని రెండర్థములును ఉన్నవి. లేనిది తోడుగా పోవుట ఒక్కటే. పత్రికాభాషలో అరిగిపోయినదని ఈ పదమును విడిచిపెట్టవలదని నా మనవి.

దీనికి ఒక తోబుట్టువు ఉన్నది. 2005 తరువాత ఆ అలజడిలో బస్తరు ఊళ్లనుండి వేలమంది అడవిదారుల వెంట, నెత్తిన మూటతో, సరిహద్దు దాటి చర్ల, భద్రాచలము, చింతూరు అడవులకు వచ్చిరి. వచ్చినవారు మునుపటి పొలముల పత్రములు తేలేదు, పలువురకు అవి ఎన్నడును లేవు. ఇక్కడ పోడు కొట్టుకొనిరి. అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు ముందునుండి ఆ అడవిభూమి ఆధీనములోనున్నవారికే హక్కు నిచ్చును. వీరిలో అధికులు ఆ తేదీకి తరువాత వచ్చినవారు. అటవీశాఖ భాషలో వారు దున్నుచున్న నేలకు ఒక పేరున్నది, ఆక్రమణ. అదియు ‘క్రమ్’ ధాతువునుండి వచ్చినదే.